నాలుగు గొలుసుల పన్నెండణాలు

సర్వే ఆఫీసు వెనక ప్రహరీ గోడ మీద ఉలితో కొట్టిన రెండు గీతలున్నాయి. వాటి మధ్య దూరం సరిగ్గా ముప్పై మూడు అడుగులు. మజహర్ మొదటి గీత దగ్గరున్న మేకుకు ఇనుప గొలుసు పిడిని తగిలించి, నేల మీద గొంతుక్కూర్చుని వెనక్కి జరుగుతూ రెండో గీత దాకా వచ్చాడు. గొలుసును బిగలాగి పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. పిడి గీతను దాటి అరంగుళం అవతలికి పోయింది.

"మళ్ళ పెరిగినవా?" అన్నాడు గొలుసుతో.

లాగుతూ ఉంటే గొలుసు కడియాలు విచ్చుకుని పొడవు పెరుగుతుంది. అయితే ఈ గొలుసు ఏ పొలంలోనూ అడుగుపెట్టక పన్నెండేళ్ళయింది. కొలతలకు ఇప్పుడు మూడుకాళ్ళ మీద నిలబడే మెషిన్లున్నాయి, ఆకాశంలోని ఉపగ్రహంతో మాట్లాడే మెషిన్లున్నాయి. మరి గొలుసెందుకు పెరుగుతోందంటే, మజహర్ రోజూ పొద్దున్నే దాన్ని లాగి చూడటం వల్లనే అని ఆఫీసులో నవ్వుకుంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అతను మాత్రం చలించడు. విచ్చుకున్న కడియాన్ని వెతికి పట్టుకుని, పటకారుతో నొక్కి, మళ్ళీ లాగి చూశాడు. పిడి గీత మీదికొచ్చి ఆగింది.

ఇక ఇత్తడి బిళ్ళల వంతు. గొలుసు పొడవునా సమానమైన దూరంలో పదహారు గుర్తులు. రూపాయికి పదహారణాలున్న కాలంలో తయారైన లెక్క కాబట్టి గొలుసుకూ పదహారణాలే. ఒక్కో బిళ్ళ ఒక్కో అణా. నూనె గుడ్డతో బిళ్ళలన్నీ తుడిచి, చివరికి సంచిలోంచి ఇనుప చువ్వలు తీసి లెక్కపెట్టాడు. మూరెడు పొడవు, ఒక కొస మొనదేలి, రెండో కొసన గుండ్రంగా వంచి ఎర్ర పేలిక కట్టిన చువ్వలు. గొలుసు పరిచిన ప్రతిసారీ దాని చివర ఒకటి నేలలో గుచ్చాలి. ముందు మనిషి గుచ్చుకుంటూ పోతాడు, వెనక మనిషి ఏరుకుంటూ వస్తాడు. మజహర్ ముప్పై ఏడేళ్ళుగా వెనక మనిషే. ఎన్ని గుట్టలు, ఎన్ని ముళ్ళకంపలు, ఎన్ని బురదమళ్ళు దాటినా సాయంత్రానికి పది చువ్వలూ సంచిలోకి చేరాల్సిందే. ఒక్కటీ పోగొట్టలేదు. గొప్పగా చెప్పుకోవడానికి తన ఉద్యోగంలో అదొక్కటే ఉందని అతనికి తెలుసు.

ఈ రోజుతో ఆ ఉద్యోగం అయిపోతుంది. నెలాఖరు. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో శాలువా, దండ, సమోసాలు. సూపరింటెండెంటు నరసింహమూర్తి స్వయంగా చందాలు వసూలు చేశాడు. కొత్త తెల్లచొక్కా అప్పటిదాకా నలగకుండా ఉండాలని భార్య ఆలంబీ పొద్దున పదిసార్లు చెప్పి పంపింది. 

ఆలంబీ ఇంకో మాట కూడా అన్నది. ఆమెకు షుగరు. రోజూ నడవమన్నాడు డాక్టరు. పటాన్‌చెరులో వాళ్ళు కిరాయికుండే గల్లీ దాటితే లారీల రోడ్డు. ఆ రోడ్డు అంచునే ఆమె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచి వస్తుంది. పొద్దున లారీ ఒకటి బురదనీళ్ళు చిమ్మిపోతే సల్వారంతా తడిసి ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇత్తీ జమీన్ నాపే తుమే, బైఠ్‌నేకు ఏక్ జగా నై" అంది. ఇంత భూమి కొలిచావు, కూర్చోడానికి ఒక్క చోటు లేదు అని. కోపంగా అనలేదు. అందుకే అది మజహర్‌కు గట్టిగా తగిలింది.

ఎందుకంటే ఆ లెక్క అతని దగ్గరుంది. ఈ చుట్టుపక్కల లేఅవుట్లలో పార్కు కోసమని వదిలిన జాగాలు పదకొండు కొలిచాడు. కాగితం మీద ఆకుపచ్చ రంగు పూసి, మధ్యలో పార్కు అని రాసేవారు. కొన్నాళ్ళకు అటు వెళ్తే ఒకచోట ఫంక్షన్ హాలు, ఒకచోట నీళ్ళ ట్యాంకర్ల షెడ్డు, ఒకచోట ఎవరిదో మూడంతస్తుల ఇల్లు. పదకొండింట్లో ఒక్కటీ పార్కు కాలేదు. తాను పట్టుకున్న గొలుసు తగిలితే చాలు ఖాళీ జాగా ఖాళీగా ఉండదేమోనన్న దిగులు అతనికి లోలోపల ఉండేది.

ఇవాళ పన్నెండోది.

కిష్టారెడ్డిపేట దాటాక స్నేహపురి కాలనీ. జిల్లాలో కొత్త పార్కులు వేయాలని నిర్ణయించారు. సగం డబ్బు ప్రభుత్వానిది, సగం ఫ్యాక్టరీల వాళ్ళిచ్చేది. షరతు ఒకటే, జాగా ఒకే ముక్కగా ఎకరానికి తగ్గకూడదు. ఎకరమంటే నలభై గుంటలు; గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట. జాబితాలో చివరి పేరు స్నేహపురిది. ఒక ప్రైవేటు కంపెనీ మెషిన్‌తో కొలిచి ముప్పై ఏడు గుంటలేనని నక్షా ఇచ్చింది. కాలనీవాళ్ళు మొత్తుకుంటే మరోసారి చూసి రమ్మని సర్వేయర్ తనుశ్రీని పంపుతున్నారు. సంగారెడ్డిలో కమిటీ నాలుగింటికి కూర్చుంటుంది. ఆలోపు ఎకరమని కాగితం పోకపోతే స్నేహపురి పేరు కొట్టేసి, ఆ డబ్బు వేరే ఊరికి ఇచ్చేస్తారు.

తనుశ్రీ స్కూటీ మీద మెషిన్ పెట్టె పెట్టుకుని బయలుదేరింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మజహర్ తన టీవీఎస్ మీద ముందర గొలుసు సంచి కూడా వేసుకున్నాడు.

"అదెందుకు చాచా?" అంది ఆమె.

"ఆఖ్రీ రోజు గద మేడం. దాన్ని గూడ జర బయట తిప్పుకొస్త."

ఇంట్లో మూలనపడ్డ ముసలివాళ్ళను ఎండలోకి తీసుకుపోయినట్టు, గొలుసును ఊరేగిస్తూ వెళ్ళాడు.

స్నేహపురిలో జాగా బోసిగా ఉంది. ఒక పక్క రోడ్డు, రెండు పక్కల ఇళ్ళు, తూర్పున ఎత్తుగా రేకుల దడి. రేకుల వెనక చంద్రకాంత్ ఇటుకలు, ఇసుక, కంకర అమ్మే యార్డు. పడమటి మూలన రాతి గుర్తు పక్కనే నర్సింహమ్మ గొడుగు వేసుకుని మక్క కంకులు కాలుస్తోంది. ఒకప్పుడు ఈ చెలక ఆమెదే. కాలనీ పడినప్పుడు చుట్టూ ఉన్న భూమంతా అమ్మి, ఈ ముక్క మాత్రం అందరి కోసం ఉంచాలని పట్టుబట్టింది. ఆ పట్టుదలకు ఇప్పటిదాకా ఆమెకు దక్కింది కంకులు కాల్చుకునే నీడ మాత్రమే.

"ఏం తమ్మీ, మంచిగున్నవా?" అంది మజహర్‌ను చూసి.

"మంచిగున్నక్కా."

తనుశ్రీ మెషిన్ నిలబెట్టి రెండు గంటలు చెమటోడ్చింది. పొడవు తొమ్మిది గొలుసులు, సరిపోయింది. వెడల్పు దగ్గరే తంటా. పాత పటంలోని కొలత ప్రకారం నూట ముప్పై ఆరు అడుగులు కొలిస్తే సరిగ్గా రేకుల దడి దగ్గరికొచ్చి ఆగుతోంది. అక్కడ హద్దురాయి లేదు. మళ్ళీ కొలిచింది. మళ్ళీ అదే. ఆమె గొడుగు నీడలోకొచ్చి కూలబడింది.

"ముప్పై ఏడే వస్తున్నయి చాచా. నేనేం చెయ్యాలె? లేని మూడు గుంటలు యాడికెళ్ళి తేవాలె?"

రేకుల తలుపు తీసుకుని చంద్రకాంత్ వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, మెడలో లావుపాటి బంగారు గొలుసు, ముఖాన చెదరని నవ్వు. వెనక కుర్రాడి చేత అందరికీ చాయ్ తెప్పించాడు.

"ఎండల పరేషాన్ అయితున్నరు మేడం. మొన్నటి మెషిన్ గదే చెప్పె, మీ మెషిన్ గదే చెప్పె. ఇగ సంతకం పెట్టుండ్రి, అయిపోతది."

తనుశ్రీ ఒళ్ళోని కాగితాన్ని చూసింది. ముప్పై ఏడు అని రాసి సంతకం పెట్టడమే తరువాయి. ఆమె కలం మూత తీసింది.

మజహర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక సర్వేయరుకు, రాయి ఇక్కడ కాదు సార్ అని చెప్పబోతే, "గొలుసు పట్టుకునేటోనివి గొలుసు పట్టుకో" అన్నాడాయన నలుగురిలో. అప్పటి నుంచీ అతను గొలుసే పట్టుకున్నాడు. సర్వేయర్లు మారారు, కాలం మారింది, అతని నోరు మాత్రం మళ్ళీ లేవలేదు. ఇంకో గంట ఊరుకుంటే ఆ మౌనం కూడా శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్ళిపోతుంది.

"మేడం," అన్నాడు. "గా పటం ఒక్కసారి సూడొచ్చా?"

తనుశ్రీ ఫోను అతని చేతికిచ్చింది. సంగారెడ్డి రికార్డు గదిలో తీసిన ఫోటో. యాభై ఏళ్ళ కిందట నర్సింహమ్మ మామకూ అతని తమ్ముడికీ పాళ్ళు పంచినప్పుడు గీసిన పటం. ఉర్దూ అంకెలు. వాటి మీద ఎవరో ఈ మధ్య పెన్సిలుతో ఇంగ్లీషు అంకెలు వేసుకున్నారు. మజహర్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోనును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. అతను చదివింది ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా. ఆ చదువు ఈ ఉద్యోగంలో ఎవరికీ ఎప్పుడూ పనికిరాలేదు.

పెన్సిలు అంకె నాలుగు పాయింటు ఒకటి రెండు అంటోంది. దాని కింద నల్ల సిరాలో ఉన్నది మాత్రం వేరు. నాలుగు. పక్కన చిన్న అడ్డగీత. ఆ తర్వాత పన్నెండు.

మజహర్ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆఖరికి చేతిలో ఫోను కూడా ఊగిపోయింది. తనుశ్రీ కంగారుపడి ఫోను అందుకుంది.

"మేడం, ఇది పాయింటు గాదు. చార్ జరీబ్, బారా ఆనే! నాలుగు గొలుసుల పన్నెండణాలు!"

"అణాలేంది చాచా?"

ఆమె పుట్టేనాటికే అణాలు పోయి నలభై ఏళ్ళు దాటింది. పాపం, ఆమె తప్పు కాదు. మొన్న కొలిచిన కంపెనీ పిల్లల తప్పూ కాదేమో. కంప్యూటరులో పాయింటు ఉంది, అణా లేదు. మజహర్ సంచి విప్పి గొలుసు బయటికి లాగాడు. ఇత్తడి బిళ్ళలు ఎండలో మెరిశాయి.

"ఇగ సూడుండ్రి. ఇది ఒక గొలుసు. దీన్ల పదహారు బిళ్ళలు, పదహారణాలు. పన్నెండణాలంటే ముప్పావు. నాలుగుముప్పావు గొలుసులు మేడం, నాలుగు పాయింటు ఒకటి రెండు గాదు."

తనుశ్రీ కాగితం వెనక లెక్క వేసింది. కలం ఆగింది. మళ్ళీ వేసింది. నూట యాభై ఆరు అడుగుల తొమ్మిది అంగుళాలు. తొమ్మిదిని నాలుగుముప్పావుతో హెచ్చిస్తే నలభై రెండు గుంటల ముప్పావు. ఎకరం దాటి పైన రెండు గుంటల ముప్పావు.

"అంటే ఇంకా ఇరవై అడుగులు..." అని ఆమె తలెత్తి రేకుల దడి వైపు చూసింది.

చంద్రకాంత్ ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉంది కానీ కళ్ళు దాన్ని వదిలేశాయి. "ఏంది భాయ్, గింత పెద్ద మెషిన్ చెప్పినంక మళ్ళ గీ తుప్పు గొలుసేంది? పొద్దుగాల ఒక లెక్క, మధ్యాహ్నం ఒక లెక్కనా? నేను ఒప్పుకోను."

నర్సింహమ్మ విసనకర్ర పక్కన పడేసి లేచింది.

"మెషిన్ మాట నీకుంటే ఉండనీ, మాకు వద్దు. గొలుసు వెయ్యి తమ్మీ. ఆనాడు పాళ్ళు పంచింది గొలుసుతోనే. మీ నాయన ఖాసిం సాబే పట్టిండు. నేను కొత్త కోడలిని, గీ కండ్లతోని సూసిన."

నాలుగు కావడానికి ఇంకా గంటన్నర ఉంది. మజహర్ కొత్త తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి వాలిన మనిషి, బరువు మోసి మోసి. అరచేతుల్లో కడియాల అచ్చులు పడి గట్టిపడిపోయాయి. గొలుసు వెనక పిడి తనుశ్రీకిచ్చి, చువ్వలన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు.

"నేను గుచ్చుకుంట పోత. మీరు ఏరుకుంట రాండ్రి మేడం. ఆఖరుకు లెక్క తప్పొద్దు."

జీవితంలో మొదటిసారి మజహర్ ముందు నడిచాడు.

పడమటి రాయి దగ్గర తనుశ్రీ పిడి ఆనించి పట్టుకుంది. అతను గొలుసు లాక్కుంటూ పోయి, గట్టిగా ఒకసారి జాడించి, తిన్నగా పడ్డాక చువ్వ గుచ్చాడు. ఒకటి. ఆమె అక్కడికొచ్చి పిడి ఆనించి, చువ్వ పీకి సంచిలో వేసుకుంది. రెండు. మూడు. కాలనీ ఆడవాళ్ళు గేట్లు తీసుకుని బయటికొచ్చారు. షిఫ్టు దిగి సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన బస్సులోని ఆడపిల్లలు నలుగురు, ఐడీ కార్డులు మెడలో వేలాడుతుండగానే వెంట నడిచారు. నాలుగో చువ్వ రేకుల దడికి నాలుగడుగుల ఇవతల దిగింది. ఇంకా పన్నెండణాలు మిగిలాయి. అవి దడి అవతల ఉన్నాయి.

తనుశ్రీ గొంతు సవరించుకుని, "సర్వేకు తలుపు తియ్యాలె సార్," అంది. చెప్పి, తలుపు ముందు నుంచి కదల్లేదు. చంద్రకాంత్ తాళంచెవి కోసం జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. అంతలో నర్సింహమ్మ వెళ్ళి రేకును రెండు చేతులతో పట్టి ఎత్తింది. కింద మేకులు లేవు. కొన్నేళ్ళుగా అది గాలికి నిలబడ్డ దడి. అందరూ వంగి లోపలికి నడిచారు.

పన్నెండో బిళ్ళ వెళ్ళి రాతి డస్టు కుప్ప మీద పడింది. నిలువెత్తు కుప్ప. పక్కనే చంద్రకాంత్ జేసీబీ ఆగి ఉంది, దానిలో బీహారు డ్రైవరు తంబాకు నలుపుకుంటున్నాడు. చంద్రకాంత్ మాట్లాడకముందే మజహర్ అతని దగ్గరికి వెళ్ళి, "భాయ్, జర హటా దో. ఆహిస్తా," అని, కుప్పను మెల్లగా జరపమని అడిగాడు. తన భాషలో ఎవరో మర్యాదగా అడిగారన్న సంతోషంతో ఆ డ్రైవరు యజమాని ముఖం చూడటం మరిచిపోయి బండి స్టార్టు చేశాడు. ఆరు తొట్ల డస్టు పక్కకు పోయింది. మజహర్ మళ్ళీ గొలుసు పరిపించి, పన్నెండో బిళ్ళ కింద చువ్వ గుచ్చి, గడ్డపార అడిగి తీసుకున్నాడు.

అప్పుడు మోగింది ఫోను. నరసింహమూర్తి.

"మజహర్, ఎక్కడున్నావయ్యా? అందరం నీకోసమే కూర్చున్నాం. సమోసాలు చల్లారిపోతున్నాయి."

"మీరు తినుండ్రి సార్. నేను జర పనిలున్న."

ముప్పై ఏడేళ్ళలో పై అధికారికి అతను చెప్పిన మొట్టమొదటి ఎదురు జవాబు అది. చెప్పి ఫోను జేబులో వేసుకుని తవ్వాడు. నింపిన మట్టి గుల్లగా ఉంది. మోచేతి లోతు పోయాక గడ్డపార ఖంగుమంది. చేతులతో మట్టి తోడాడు. గండశిల, చెక్కిన తల, తల మీద కూడిక గుర్తు. చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకు వంగారు.

"రాయిదేముంది భాయ్," అన్నాడు చంద్రకాంత్. "రాయి ఎవడన్న, ఎప్పుడన్న పాతొచ్చు."

మజహర్ నేల మీద బోర్లా పడుకున్నాడు. ఆలంబీ పదిసార్లు చెప్పిన తెల్లచొక్కా మట్టిలో కలిసిపోయింది. రాయిని కదల్చకుండా, పక్క నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, చెంప నేలకు ఆనేదాకా వంగి, రాయి అడుగున తడిమాడు. అతని కళ్ళు మూసుకున్నాయి. పిడికిలి బిగించి చెయ్యి బయటికి తీసి, అందరి ముందు విప్పాడు.

బొగ్గులు.

"రాయి పాతే ముందు మా అబ్బా అడుగున బొగ్గులేస్తుండె," అన్నాడు రొప్పుతూ. "రాయిని దొంగతనంగ జరుపుతరు గని బొగ్గుల మాట ఎవలకు తెల్వది. బొగ్గు మురగదు, చెద పట్టదు. రాయి అసల్ జాగల ఉన్నదా లేదా అదే చెప్తది."

నర్సింహమ్మ ముందుకొచ్చి అతని అరచేతిలోంచి ఒక బొగ్గు తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. కొత్త కోడలిగా పెట్టిన పొయ్యి, అడిగి తీసుకుపోయిన పొడుగాటి మనిషి, అన్నీ ఒక్కసారిగా ఆమె ముఖంలోకి వచ్చాయి.

"గివి నా పొయ్యిల బొగ్గులు తమ్మీ! గంపెడు బొగ్గులియ్యి బిడ్డా అని మీ నాయన మా వాకిట్ల నిలబడ్డడు. రాయి కింద పెడ్తడని నాకేం ఎరుక. చాయ్ కాస్తడనుకున్న."

అందరూ పకపకా నవ్వారు. జేసీబీ డ్రైవరు కూడా నవ్వాడు. చంద్రకాంత్ ఆ నల్లటి అరచేతిని చాలాసేపు చూశాడు. తర్వాత మెడ రుద్దుకుని, డ్రైవరు వైపు తిరిగి, "ఇటుకలు గూడ అటు జరుపు," అన్నాడు.

నాలుగుకు పది నిమిషాలుండగా తనుశ్రీ కాగితం మీద నలభై రెండు ముప్పావు అని రాసి, సంతకం పెట్టి, రాయిదీ బొగ్గులదీ ఫోటోలతో కలిపి సంగారెడ్డికి పంపింది. సాక్షులుగా నర్సింహమ్మ వేలిముద్ర, ఐడీ కార్డుల ఆడపిల్లల సంతకాలు. ఆ కాగితంలో గొలుసు పట్టే చైన్‌మన్ పేరు రాసే గడి లేదు. తనుశ్రీ కింద ఖాళీలో తన చేత్తో రాసింది: హద్దు చూపినవారు మజహర్, ఖాసిం కుమారుడు.

జవాబు వచ్చేదాకా ఎవరూ ఇళ్ళకు పోలేదు. నర్సింహమ్మ కంకులన్నీ కాల్చి పంచిపెట్టింది. అయిదుంబావుకు తనుశ్రీ ఫోను మోగింది. ఆమె విన్నది. సరే సార్ అంది. థాంక్యూ సార్ అంది. ఫోను దించి, సర్వేయరునన్న సంగతి మరిచిపోయి, ఎగిరి గంతేసింది.

"మంజూరైంది! పార్కు మంజూరైంది చాచా!"

ఒక్కసారిగా కాలనీ అంతా అరిచింది. ఎవరో పళ్ళెం మీద గరిటెతో దరువేశారు. షిఫ్టు దిగి వచ్చిన ఆడపిల్లలు కాళ్ళనొప్పులు మరిచి ఆ మూల నుంచి ఈ మూలకు పరుగుపందెం పెట్టుకున్నారు. రేకులు ఒక్కొక్కటే ఊడి కింద పడుతుంటే ప్రతి రేకుకూ చప్పట్లు. మజహర్ రాయి పక్కన మట్టిలోనే కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. బొగ్గుచేత్తో కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా నల్లబడింది. తండ్రి చనిపోయి ముప్పై ఏళ్ళయింది. ఆయన తన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డట్టే అనిపించింది. పదకొండు పోయాయి. పోనీ. ఇది మాత్రం ఉంటుంది. ఎవరి ఇల్లూ కాకుండా, ఎవరి షెడ్డూ కాకుండా, అందరిదిగా ఉంటుంది. ఆ సంతోషం అతని గుండెలో పట్టలేదు. పదహారణాల సంతోషం అది.

ఇద్దరూ తిరిగి ఆఫీసుకు చేరేసరికి ఆరు దాటింది. కుర్చీలన్నీ ఖాళీ. నరసింహమూర్తి ఒక్కడే దండ నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. మట్టి కొట్టుకున్న తెల్లచొక్కా, బొగ్గు పూసుకున్న ముఖం చూసి తిట్టబోయాడు. సంగారెడ్డి నుంచి ఆయనకూ ఫోను వచ్చింది కాబట్టి, తిట్టకుండా లేచి నిలబడి, ఆ మట్టిచొక్కా మీదే శాలువా కప్పాడు. చల్లారిన సమోసాలు నాలుగు మిగిలాయి. ముగ్గురూ నిలబడి తిన్నారు. ఒకటి మజహర్ కాగితంలో చుట్టి ఆలంబీ కోసం జేబులో పెట్టుకున్నాడు.

ఇక ఒప్పజెప్పడం. గొలుసు ఒకటి. సంచి ఒకటి. పటకారు ఒకటి. తనుశ్రీ చువ్వలు బల్ల మీద పరిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"తొమ్మిదే ఉన్నయి చాచా. ఏరుకుంట వచ్చింది నేనే గదా. ఒకటి ఎట్ల పోయింది?"

"పోలేదు మేడం," అన్నాడు మజహర్. "రాయి కాడ ఉంచి వచ్చిన. పార్కు గోడ కట్టేదాంక ఆడ ఒకరు నిలబడాలె గద."

ఆమె అతని ముఖం చూసింది. రిజిస్టరు దగ్గరికి లాక్కుని రాసింది: చువ్వలు పది. తొమ్మిది ముట్టినవి. ఒకటి పనిలో ఉన్నది.

మజహర్ ఆ వరుసను వేలు పెట్టి చదువుకున్నాడు. కింద సంతకం చేశాడు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, గోడ మీది రెండు గీతల వైపు చూసి, టీవీఎస్ తొక్కి స్టార్టు చేశాడు. శాలువా కొస గాలికి ఎగురుతుంటే దాన్ని మోకాలి కింద నొక్కిపెట్టుకుని, గేటు దాటి, లారీల వరుసలో కలిసిపోయాడు. రేపు పొద్దున్నే తయారుగా ఉండమని, కూర్చునే జాగా చూపిస్తానని ఆలంబీకి ఎలా చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ వెళ్ళాడు.

స్నేహపురిలో పొద్దు వాలింది. చివరి రేకు కూడా తీసేశారు. ఇటుకలు లేచిపోయిన చోట నేల పచ్చిగా, చదునుగా బయటపడింది. కొత్తగా కలిసిన ఆ ఇరవై అడుగుల మీద నర్సింహమ్మ చెప్పులు విడిచి, ఇటు నుంచి అటు ఒకసారి, అటు నుంచి ఇటు ఒకసారి నడిచి, గంప ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది. తూర్పు హద్దులో, తల మీద కూడిక గుర్తున్న రాయి పక్కన, ఎర్ర పేలిక కట్టిన ఇనుప చువ్వ ఒకటి నేలలో నిలబడి ఉంది.